రిక్‌వుడ్ క్రీడారంగం

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణభాగాన, అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హాం అనే నగరమున్నది. ముడి ఇనుము, బొగ్గు, సున్నపురాయి ఒక్కచోటనే లభించడంవల్ల 1871లో వెలసిన పారిశ్రామిక నగరమది. న్యూయార్కు, చికాగోల సరసన దానిని ఎవరూ లెక్కింపరు. అయినా వృత్తి క్రీడాకారుల బేస్‌బాల్ రంగాలలో నేటికీ నిలిచియున్న అతి ప్రాచీనమైనది అక్కడనే ఉన్నది. దాని పేరు రిక్‌వుడ్.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దాయాది వంటిది. వికెట్లుండవు, బంతిని కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి వస్తేనే పరుగు. ఈ ఆటపై మక్కువగల ఇనుప కర్మాగారాల అధిపతి వుడ్‌వార్డ్, ఉక్కుతో, కాంక్రీటుతో ఈ రంగాన్ని కట్టించాడు. ఆయన ముద్దుపేరు రిక్. దానికి ఇంటిపేరులోని మొదటి భాగం చేరి రిక్‌వుడ్ అయినది. తొలి ఆట 1910 ఆగస్టు 18న జరిగినది.

అచ్చట రెండు జట్లు ఆడేవి. బారన్స్ శ్వేతజాతీయులది. వారు పొరుగూళ్ళకు వెళ్ళిన దినాలలో నల్లవారి జట్టు బ్లాక్ బారన్స్ ఆ రంగంలో దిగేది. ఒకే గడ్డమీద దశాబ్దాలు ఆడిన ఈ రెండు జట్లూ పరస్పరం తలపడుటకు వీలు లేకపోయినది. ప్రేక్షకుల ఆసనాలూ వేరే. ఆట రుచి ఎరిగినవారికి ఇంతకన్న లోటు వేరొకటున్నదా? బ్లాక్ బారన్స్‌కు ఆటగాండ్రను పెంచి ఇచ్చినవి గనులలోను, ఉక్కు కర్మాగారాలలోను పనివారు కట్టుకున్న జట్లు. విల్లీ మేస్ తండ్రి అట్టి జట్టులోనే ఆడేవాడు. మేస్ 1948లో, పదిహేడేండ్ల వయస్సున, ఇంకా పాఠశాలలో చదువుతూనే బ్లాక్ బారన్స్‌లో చేరినాడు. ఆ యేడు వారు తమ లీగును గెలిచి, నల్లజాతి లీగుల చివరి ప్రపంచ పోటీలో హోంస్టెడ్ గ్రేస్ చేతిలో ఓడినారు.

రేడియోవారికి ఇందులో ఒక చేదు ముచ్చట ఉన్నది. పొరుగూళ్ళలో జరిగే ఆటల వివరాలు తంతివార్తలుగా వస్తే, వాటిని కండ్లకు కట్టినట్లు వర్ణించి పేరు తెచ్చుకున్న వ్యాఖ్యాత యూజీన్ కానర్. ఆ గొంతుకే అతనిని రాజకీయాలలోకి తెచ్చినది. 1963లో హక్కులకై ఊరేగిన పిల్లలపైకి కుక్కలను, నీటిగొట్టాలను ప్రయోగింపజేసిన పోలీసుశాఖాధిపతి ఇతడే.

నల్లవారూ తెల్లవారూ కలిసి పేకాట సైతం ఆడరాదని నగరశాసనం ఉండేది. 1954లో నగరపాలకులు బేస్‌బాల్ వరకు దానిని సడలించగా, ఓటర్లు ఆ నిషేధాన్ని తిరిగి నిలబెట్టినారు. 1961 ఆటల ఋతువు ముగియగానే బారన్స్ ఆడే లీగు మూతపడినది. రెండేండ్లు రిక్‌వుడ్‌కు బారన్స్ లేదు. 1964లో తిరిగి వచ్చిన జట్టులో ఇరుజాతులవారూ కలిసి ఆడినారు.

1987 తరువాత బారన్స్ వేరొక రంగానికి తరలిపోయినది. 2024 జూన్ 20న మేజర్ లీగు తన ఆటనొకదానిని, నల్లజాతి లీగుల గౌరవార్థం, రిక్‌వుడ్‌లో ఏర్పాటు చేసినది. రెండు దినాలకు ముందే మేస్ తన 93వ యేట కన్నుమూసినాడు. 1967లో బర్మింగ్‌హాం జట్టుకు ఆడిన రెగీ జాక్సన్ ఆ సాయంత్రం టెలివిజన్ ముందు కూర్చుండి, నల్లవాడవటంచేత ఆ రోజులలో భోజనశాలలు, హోటళ్ళు తనను లోనికి రానీయలేదని దాపరికం లేకుండా చెప్పినాడు.