ఇడుపులపాయ: సముద్రం విడిచిపోయిన తీరం

కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయను, సెలవుల్లో పిల్లాపాపలతో వెళ్లదగిన సముద్రతీరాల సరసన చేర్చడం మొదట వింతగానే తోస్తుంది. ఎందుకంటే ఇక్కడి నుంచి నెల్లూరు జిల్లా మైపాడు తీరానికి చేరాలంటే కొండలు, కనుమలు దాటి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి ఉంటుంది. అయినా ఈ ఊరి చుట్టూ ఉన్న రాళ్ల చరిత్రను లెక్కలోకి తీసుకుంటే, ఇది తీరం కాని చోటు కాదు, తీరంగా ఉండి కోట్ల సంవత్సరాల కిందట నీటిని పోగొట్టుకున్న చోటు. వైఎస్సార్ ఘాట్ చూసి, గండి ఆంజనేయుని గుడిలో కొబ్బరికాయ కొట్టి, పొద్దు వాలకముందే తిరుగుముఖం పట్టే యాత్రికులకు ఈ సంగతి చెప్పేవారు లేకపోవడం వల్ల, ఇక్కడ చూడవలసిన వాటిలో అన్నింటికన్నా పాతది ఎవరి కంటా పడకుండా ఉండిపోతున్నది.

భూవిజ్ఞానులు కడప బేసిన్ అని పిలిచేది సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరుచుకున్న ఒక ప్రాచీన పల్లం. బేసిన్ అంటే నేల కుంగి, నీరు చేరి, చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చిన ఇసుకా బురదా సున్నమూ పొరలు పొరలుగా పేరుకున్న తావు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ శిలాశ్రేణులపై వెలువరించిన గ్రంథంలో వాటికి ఇక్కడి ఏర్ల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టడంతో, అడుగున ఉన్న సముదాయం పాపఘ్ని పేరుతోనూ, అందులోని రెండు పొరలు గువ్వలచెరువు, వేంపల్లె పేర్లతోనూ శాస్త్రగ్రంథాలకెక్కాయి. బస్సు ఆగినప్పుడు పాలకోవా కొనుక్కోవడానికి తప్ప దిగని గువ్వలచెరువు, ఆంగ్లేయుల నోట గుల్చేరుగా మారి, నేటికీ భూవిజ్ఞానుల వ్యాసాల్లో నిత్యం కనిపించే పేరు కావడం జిల్లావాసుల్లో చాలామందికి తెలియదు.

గువ్వలచెరువు పొర ముఖ్యంగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి సుత్తిదెబ్బకు కూడా సులభంగా లొంగనంతగా బిగిసిన రాయి. దాని మీది వేంపల్లె పొర ముఖ్యంగా డోలమైట్, అంటే మెగ్నీషియం కలిసిన ఒక రకం సున్నపురాయి. ఈ రెండింటికీ పైవరుసలో ఉన్న తాడిపత్రి పొరల సందున శిలాద్రవం అడ్డంగా చొరబడి పలకలా గట్టిపడిన చోటును పులివెందుల సిల్ అంటారు. దాని వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు తేల్చారు కాబట్టి, అడుగునున్న వేంపల్లె రాళ్లు అంతకన్నా పాతవన్న విషయంలో సందేహానికి తావు లేదు.

వేంపల్లె డోలమైట్ విశేషమల్లా అందులోని స్ట్రోమాటోలైట్లే. లోతులేని వెచ్చని నీటిలో, ఎండ తగిలే చోట, కంటికి కనిపించనంత చిన్నవైన సైనోబ్యాక్టీరియా జిగురుపొరగా పెరుగుతూ, ఆ జిగురుకు అంటుకున్న సున్నపు నలుసుల మీద మళ్లీ కొత్తపొరగా పెరుగుతూ, కాలక్రమంలో కట్టుకున్న గుబ్బల్లాంటి రాతి నిర్మాణాలను ఆ పేరుతో పిలుస్తారు. రాయి అడ్డంగా విరిగిన చోట అవి తరిగిన ఎర్రగడ్డలా వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. నిలువుగా విరిగిన చోట ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టున్న వంపుగీతలు తేలుతాయి. పల్చని నీటి కదలికకు ఇసుకలో ఏర్పడిన అలల ముద్రలు, నీరు తీసినప్పుడు బురద ఎండి బీటలువారిన గుర్తులు కూడా ఈ శ్రేణుల్లో రాయిగా మారి నిలిచాయి. సముద్రపు ఒడ్డున పిల్లలు మొదట వెతికేది గవ్వల కోసమే గాని, ఈ తీరంలో ఎంత వెతికినా గవ్వ దొరకదు. ఇక్కడ అలలు ఆడిన కాలానికి చేపా లేదు, నత్తా లేదు, గుల్ల కట్టుకునే జీవులు పుట్టడానికి ఇంకా 130 కోట్ల సంవత్సరాలకు పైగా గడవవలసి ఉంది. బడి ఈడు పిల్లలకు ప్రాణి చరిత్రను ఇంత సూటిగా చూపగల చోటు రాష్ట్రంలో అరుదనే చెప్పాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో తీసే నల్లని కడప బండ వేంపల్లె డోలమైట్ కన్నా ఎంతో చిన్నవయసుదైనా అదీ నీటి అడుగున పేరుకున్న సున్నపు బురదే కనుక, దక్షిణాదిన వంటింటి గట్టుగా ఆ బండను పరుచుకున్న ప్రతి ఇల్లూ ఒకప్పటి సముద్రగర్భం మీద కూర తరుగుతున్నదన్న మాట.

ఈ రాళ్లను నది కోసి చూపే చోటు గండి. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన పాపఘ్ని నది దక్షిణాన గ్రానైటు నేలల మీదుగా వచ్చి, గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ కొండను చీల్చుకుని వేంపల్లె వైపు దిగుతుంది; ఆ చీలికే గండి, ఆ ఒడ్డునే వీరాంజనేయస్వామి ఆలయం. లంక నుంచి తిరిగివచ్చే రాముని స్వాగతానికి వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణపు మొనతో రాతి మీద ఆంజనేయుని రూపం గీస్తూ చిటికెనవేలు విడదీయబోతే నెత్తురు చిమ్మిందని, అందుకే ఆ వేలు అలాగే ఉండిపోయిందని స్థలపురాణం. ఆ తోరణం మరణం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందన్న నమ్మకానికి తోడు, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన సీమ జిల్లాలకు 1807 వరకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో దానిని చూశాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. మద్రాసు గవర్నరుగా పర్యటనలో ఉండగా 1827 జూలైలో పత్తికొండ వద్ద మన్రో కలరాతో మరణించడం చరిత్ర. తోరణం సంగతి విశ్వాసం. మంత్రాలయంలో కూడా మన్రో పేర ఇటువంటి కథే నిలిచి ఉండడాన్ని బట్టి, శిస్తు వసూలుకు వచ్చిన దొరను సీమ జనం తమ దేవుళ్ల కథల్లోకి చేర్చుకున్న తీరు విడిగా పరిశీలించదగినది.

శ్రావణమాసపు శనివారాల్లో గండి కిక్కిరిసిపోతుంది. ఆటోల్లో, ట్రాక్టర్లలో ఇంటిల్లిపాదీ దిగి, తలనీలాలిచ్చేవారు ఇచ్చి, దర్శనమయ్యాక చెట్ల నీడన చిత్రాన్నం, పెరుగన్నం, వడల సద్ది విప్పుతారు. ఏటిలో నీళ్లుంటే పిల్లలు గట్టెక్కరు. లేకుంటే ఇసుకలో చెలమ తీస్తారు. చెలమ అంటే ఎండిన ఏటి ఇసుకలో చేతులతోనో చిప్పతోనో తవ్విన గుంట. మూరెడు లోతు పోయేసరికి అడుగున తడి తగులుతుంది, మొదట బురదగా ఊరిన నీటిని రెండుమూడుసార్లు తోడి పారబోస్తే తరువాత తేట నీరు నిలుస్తుంది. వెనుకటి తరాలకు ఇది దాహం తీర్చే పని, నేటి పిల్లలకు ఆట. సముద్రపు ఒడ్డున ఇసుకగూళ్లు కట్టే పిల్లలకు దొరకని తీపినీరు ఈ ఆటలో దక్కుతుంది. ఈ ఏరు కమలాపురం దగ్గర పెన్నలో కలిసి, పెన్న వెంట నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతం చేరుతుంది.

ఇడుపులపాయ పేరు రాష్ట్రమంతటా వినబడడం మాత్రం ఇటీవలి సంగతి. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణాల్లో ఒకటి ఆర్.కె. వ్యాలీ పేరుతో ఇక్కడ వెలిసి, పల్లెటూళ్ల నుంచి పదో తరగతి ముగించి వచ్చే వేలాది పిల్లలకు నెలవైంది. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిని ఇక్కడి కుటుంబ ఎస్టేటులో ఖననం చేసిన తరువాత, వైఎస్సార్ ఘాట్ సందర్శకులతో ఊరి రూపే మారింది. ఆయన కుమారుడు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 2017 నవంబరు 6న పాదయాత్రను ఇక్కడే ప్రారంభించి 2019 జనవరి 9న రాష్ట్రపు ఈశాన్య కొసన ఉన్న ఇచ్ఛాపురంలో ముగించారు. రాజశేఖరరెడ్డి జయంతి, వర్ధంతి అయిన జూలై 8, సెప్టెంబరు 2 తేదీల్లో జనసమ్మర్దం, వాహనాల బారులు ఎక్కువ కాబట్టి, నెమళ్ల పార్కునూ కొండవారనూ నింపాదిగా చూడదలచిన కుటుంబాలు ఆ రోజులను తప్పించడం మేలు.

రెండు మూడు రోజులు తీరిక ఉన్నవారికి జమ్మలమడుగు దగ్గరి గండికోట తప్పనిసరి. అక్కడ పెన్న కోసిన లోయ కూడా ఈ బేసిన్‌లోనిదే, వయసులో వేంపల్లె పొరలకు తమ్ముడు. కోటను 1650లో మీర్ జుమ్లా వశపరచుకోగా, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చి తాను చూసినది రాసిపెట్టాడు. దసరాకు వచ్చినవారు ప్రొద్దుటూరు అమ్మవారిశాల ఉత్సవాలు చూడకుండా పోకూడదు. భోజనం విషయంలో సందేహపడవలసిన పనిలేదు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, ఎర్రకారం దోసె ఈ దారుల్లో అంతటా దొరుకుతాయి.

కాలం ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. బడుల సెలవులు మే నెలలో ఉన్నా, అప్పటి ఎండకు రాతినేల మీద పిల్లలను నడిపించడం క్రూరత్వమే. శ్రావణం నుంచి సంక్రాంతి వరకు ఉన్న నెలలే ఇక్కడికి తగినవి. ఇసుక తోలిన చోట్ల ఏటిలో లోతైన గుంతలు నీటి కింద దాగి ఉంటాయి కనుక, ప్రవాహం నెమ్మదిగా కనిపించినా పిల్లలను ఒంటరిగా దింపరాదు.

స్ట్రోమాటోలైట్ల గురించి గండి దారిలోనైనా, ఘాట్ దగ్గరైనా నాలుగు వాక్యాల తెలుగు బోర్డు ఒకటి నిలబెట్టడం పర్యాటక శాఖకు భారం కాదు. ఆర్.కె. వ్యాలీ ప్రాంగణంలోని విద్యార్థులే ఆ పని చేసిపెట్టగలరు. అది జరిగేదాకా వచ్చేవారికి చేసే విన్నపం ఒకటే: వలయాలున్న రాయి కనిపిస్తే పిల్లలకు చూపండి, ఫొటో తీసుకోండి, గుర్తుగా ఇంటికి తీసుకుపోదామని మాత్రం పగలగొట్టకండి.