మార్గరిన్: గ్లూటెన్ ప్రశ్న, కొవ్వు చరిత్ర

మార్గరిన్ వెన్నకు బదులుగా వాడే కొవ్వు పదార్థం. మామూలు రకంలో దాదాపు 80 శాతం కొవ్వు, 16 శాతం నీరు ఉంటాయి. నూనె, నీరు విడిపోకుండా సోయా లెసిథిన్ లాంటివి, రంగు కోసం బీటా కెరోటిన్, రుచికి ఉప్పు, పైన ఎ, డి విటమిన్లు కలుపుతారు. కొన్నిటిలో పాలపొడి కూడా ఉంటుంది. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లోని ప్రోటీన్. పై సరుకుల్లో ఆ గింజలేవీ లేవు కాబట్టి గ్లూటెన్ పడనివాళ్లు మామూలు మార్గరిన్ తినవచ్చు. అది ఒంటికి మంచిదా కాదా అన్నది మాత్రం వేరే సంగతి. ఆ జవాబు 150 ఏళ్లలో చాలాసార్లు మారింది.

సైన్యానికీ పేదలకూ చవకగా దొరికే, త్వరగా చెడిపోని వెన్న కావాలని ఫ్రాన్స్ చక్రవర్తి 3వ నెపోలియన్ బహుమతి ప్రకటించాడు. రసాయన శాస్త్రజ్ఞుడు ఇపొలిట్ మెజ్-మూరియెస్ 1869లో మార్గరిన్‌కు పేటెంట్ పొందాడు. ఆవు కొవ్వును కరిగించి, మెత్తని భాగాన్ని వేరు చేసి, మీగడ తీసిన పాలతో చిలకడం అతని పద్ధతి. అందులో ఆవు పొదుగు ముక్కలు కూడా వేసేవాడు. కొవ్వు వెన్నగా మారడానికి అవి తోడ్పడతాయని అతని నమ్మకం. 1871లో ఈ విద్య నెదర్లాండ్స్‌లోని ఓస్ పట్టణంలో వెన్న వ్యాపారం చేసే యుర్గెన్స్ కుటుంబం చేతికి వెళ్లింది. ఆ తర్వాతే మార్గరిన్ పెద్ద పరిశ్రమగా ఎదిగింది.

పాడి రైతులు ఊరుకోలేదు. అమెరికా 1886లో మార్గరిన్‌పై పన్ను వేసింది, 1902లో పసుపు రంగు వేసినదానిపై దాన్ని ఇంకా పెంచింది. దాంతో తెల్లని ముద్దను, రంగు బిళ్లను విడిగా అమ్మేవారు. ఇల్లాలు ఆ రెంటినీ చేత్తో పిసికి పసుపు చేసుకునేది. విస్కాన్సిన్ రాష్ట్రంలో రంగు వేసిన మార్గరిన్ అమ్మకంపై నిషేధం 1967 దాకా కొనసాగింది. ఇదంతా వ్యాపార తగాదా. ఆరోగ్యం పేరు చెప్పినా అసలు గొడవ వెన్న ధరది.

ఆరోగ్య సమస్య నిజంగా బయటపడింది మొదటి ప్రపంచ యుద్ధ కాలపు డెన్మార్క్‌లో. దేశం వెన్నను ఎగుమతి చేస్తుంటే, పేద పిల్లలు మార్గరిన్, మీగడ తీసిన పాలతో పెరిగారు. విటమిన్ ఎ అందక కొందరికి చూపు పోయింది. విటమిన్లు కలపాలన్న నియమాలకు ఇలాంటి అనుభవాలే బాట వేశాయి.

రెండో సమస్య ఆలస్యంగా తెలిసింది. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ నార్మన్ 20వ శతాబ్దం మొదట్లో నికెల్ సాయంతో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతి కనిపెట్టాడు. అలా చవకైన వంటనూనెలు మార్గరిన్‌కు ముడిసరుకయ్యాయి. మన దేశంలో 1937లో వచ్చిన డాల్డాదీ అదే పద్ధతి, కాకపోతే వనస్పతిలో నీరు ఉండదు. నేతిలో కల్తీ చేస్తే పట్టుకోవడానికి వనస్పతిలో నువ్వుల నూనె కలపాలని చట్టం పెట్టారు. ఆమ్లంతో పరీక్షించగానే అది ఎర్రబడుతుంది. అయితే హైడ్రోజన్ పూర్తిగా ఎక్కించకపోతే ట్రాన్స్ కొవ్వులు మిగులుతాయి. అవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెన్సింక్, కాటన్ చూపించారు. గుండెకు మంచిదని వెన్న మానేసి గట్టి మార్గరిన్ తిన్నవారికి మేలు జరగలేదన్నమాట. 2003లో డెన్మార్క్ నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వుకు 2 శాతం హద్దు పెట్టింది. 2022 నుంచి భారత్‌లోనూ అదే హద్దు.

ఇప్పటి మెత్తని మార్గరిన్లలో ట్రాన్స్ కొవ్వు చాలా తక్కువ, వెన్నతో పోలిస్తే సంతృప్త కొవ్వు కూడా తక్కువే. పామాయిల్ ఎక్కువగా ఉన్న గట్టి రకాల గురించి అంత మంచి మాట చెప్పలేం.

ఇక గ్లూటెన్ సంగతి. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సిలియాక్ వ్యాధికీ గోధుమకూ ఉన్న సంబంధం తెలిసింది కూడా నెదర్లాండ్స్‌లోనే. ఒకప్పుడు ఈ వ్యాధి ఉన్న పిల్లల మలంలో కొవ్వు ఎక్కువగా పోతుంటే, వైద్యులు కొవ్వునే అనుమానించి మాన్పించేవారు. పిల్లల వైద్యుడు విల్లెం డికె 1950లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో అసలు కారణం గోధుమ అని నిరూపించాడు. గోధుమ పెడితే మలంలో కొవ్వు పెరిగేది, మానిపిస్తే తగ్గేది.

నేడు కిలోకు 20 మిల్లీగ్రాములు మించకపోతేనే గ్లూటెన్ రహితం అనవచ్చు. మార్గరిన్ సాధారణంగా ఆ హద్దు దాటదు. దాటితే అది చాలావరకు వాడకంలో వచ్చిన తేడా. రొట్టెకు రాసిన చాకునే మళ్లీ డబ్బాలో ముంచితే రొట్టె పొడి అందులో చేరుతుంది. సిలియాక్ ఉన్నవారికి విడిగా డబ్బా పెట్టడం అందుకే. మనవైపు మార్గరిన్ ఎక్కువగా బేకరీల్లోకే పోతుంది. కర్రీ పఫ్ పొరలు విడేది దానివల్లే, కానీ ఆ పఫ్‌లో గ్లూటెన్ మైదాది. తెలుగువారి వంటింట్లో అయితే మార్గరిన్ కన్నా ముందు చూడాల్సింది ఇంగువ డబ్బా మీది వివరాలు. చాలా రకాల ఇంగువలో గోధుమపిండి కలుపుతారు.