కాలువ గట్టున సమాఖ్య పాఠము

మంగళగిరికి ఉత్తరమున, సీతానగరము కడ కృష్ణ కుడిగట్టున బయలుదేరు పడమటి డెల్టా కాలువ దుగ్గిరాల చేరి, అచట పాయలుగా చీలి, తీరప్రాంతపు పొలములకు పోవుచున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు చిరకాలము ఆ నీటి పంపకము ప్రభుత్వ ఇంజనీర్ల చేతిలోనే యుండెను. రైతు నీటితీరువా చెల్లించెడివాడే గాని నిర్ణయించెడివాడు కాడు. కాలువ పూడినను, గుర్రపుడెక్క అల్లుకొన్నను ముందుగా ఎండునవి శివారు భూములు. మురుగు కదలనినాడు ముందుగా మునుగునవియు అవియే.

మన రాజ్యాంగము నీటిపారుదలను, మురుగు కాలువలను రాష్ట్రముల జాబితాలో చేర్చినది. అంతర్రాష్ట్ర నదుల విషయమున మాత్రము పార్లమెంటుకు అధికారము కలదు. కాలువల నిర్వహణలో రైతులకు పాలుండవలెనని 1987 నాటి జాతీయ జలవిధానము చెప్పినది. కాని విధానము చట్టము కాదు. ఆ చట్టమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో చేసినది. దిగువ మెట్టున నీటి వినియోగదారుల సంఘము, దానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ ఏర్పడవలెనని అందు నిర్దేశించిరి. ఆ సంవత్సరమే రాష్ట్రమంతటను పదివేలకు పైగా సంఘములకు ఎన్నికలు జరిగినవి.

సమాఖ్యలో ఒక రాష్ట్రము ధైర్యము చేసి ప్రయోగశాల వలె కొత్త పద్ధతిని పరీక్షింపవచ్చుననియు, దానివలన తక్కిన దేశమునకు ప్రమాదము లేదనియు అమెరికా న్యాయమూర్తి బ్రాండైస్ 1932లో ఒక తీర్పులో వ్రాసెను. మన అనుభవము ఇంకొక మాట తెలుపుచున్నది: ప్రయోగము ఫలించునని తోచినచో ఇరుగుపొరుగువారు దానిని అందుకొందురు. మధ్యప్రదేశ్ 1999లో, ఒరిస్సా 2002లో, మహారాష్ట్ర 2005లో తమ తమ మార్పులతో ఇట్టి చట్టములను చేసికొన్నవి.

అయితే చట్టము నిలుచునది ఆచరణ చేతనే. మన రాష్ట్రమున సంఘముల కాలపరిమితి తీరియు ఎన్నికలు జరుగని సంవత్సరములు కలవు. 2024 డిసెంబరులో మరల జరిగినవి. వేరొక లోపము అంతకంటె లోతైనది. ఈ చట్టము భూమిగల రైతుతోపాటు రికార్డుకెక్కిన కౌలుదారునకును ఓటు ఇచ్చినది. కాని డెల్టాలో కౌలు పెక్కుచోట్ల నోటిమాటపై నడచును. నారు పోసి, నీరు కట్టు మనిషి పేరు రికార్డున ఉండదు. కనుక ఓటర్ల జాబితాలోను ఉండదు.

అధికారము ఢిల్లీ నుండి రాష్ట్రమునకు, రాష్ట్రము నుండి కాలువ గట్టునకు వచ్చినది. అది గట్టు దిగి చేనిలోని మనిషిని చేరవలసి యున్నది. మనము పొరుగు రాష్ట్రములకు చట్టమును ఇచ్చితిమి. ఈ మిగిలిన అడుగును కూడ మనమే ముందుగా వేయుట న్యాయము.