బ్రేకు అరుపుకి వందేళ్ళు

నా బైకు ముందు బ్రేకు రెండు వారాలుగా కీచుమంటుంటే కంపైలర్ వార్నింగులాగే వదిలేశాను. మొన్న ఫ్లైఓవర్ దిగుతూ ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. ప్యాడ్ పూర్తిగా అరిగి, వెనకున్న ఇనప రేకు డిస్కుని గాళ్ళు పడేలా గీరేసింది. వందల్లో పోయేది వేలకెక్కింది.

అసలీ అరుపు డిస్కు బ్రేకుతోనే పుట్టింది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ కారు కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. రాగి లైనింగు లోహపు డిస్కుకి రాసుకుని ఒకటే గోల! ఆస్బెస్టాస్ లైనింగులొచ్చాక ఆ గోల తగ్గింది. 1953లో జాగ్వార్ డిస్కు బ్రేకులతో లె మాన్స్ రేసు గెలిచింది. 1969లో హోండా సీబీ750తో అవి మామూలు జనం కొనే బైకుకీ వచ్చాయి.

నాకర్థమైంది ఒకటే. డిస్కు బతకాలంటే ప్యాడ్ అరగాలి. అది అయిపోయాక మనం తొక్కేది లాంచెస్టర్ నాటి బ్రేకే. మీది కీచుమంటే ఇవాళే విప్పించి చూడండి.