నన్నారి వేరు అడ్డుకోత

ఎండలు ముదిరితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధుల్లో నన్నారి షర్బత్ బండ్లు వెలుస్తాయి. ఆ షర్బత్ రెండు రకాల వేర్లతో తయారవుతుంది. ఒకటి సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్). ఆయుర్వేదంలో సారివ అంటే ఇదే. రెండోది కొండరాళ్ల సందుల్లో పెరిగే మారేడుగడ్డ (డెకాలెపిస్ హామిల్టోనీ). రెండింటి వాసనా ఒకటే, దాన్నిచ్చే రసాయనమూ ఒకటే. తుంచితే రెండూ పాలు కారుస్తాయి. చేతిలో ఉన్నది ఏ వేరో ముక్కు తేల్చలేదు, ఆ తగవును కత్తి, భూతద్దం తీర్చాలి.

చరక, సుశ్రుత సంహితల్లో సారివ ఉంది. ఆ తర్వాత శతాబ్దాల పాటు మూలికను రూపు, రుచి, వాసనలతోనే పోల్చుకున్నారు. 1682లో నెహెమియా గ్రూ మొక్కల అంతర్నిర్మాణంపై పెద్ద గ్రంథమే అచ్చువేసినా మందుల వ్యాపారులకు అది పట్టలేదు. 1830ల్లో లండన్ చేరిన సుగంధిపాలను స్మైలాక్స్ ఆస్పెరా అనే వేరే తీగ వేరుగా పొరబడ్డారు. 1837లో గార్డెన్ అనే రసాయనవేత్త అందులోంచి తీసిన ఆమ్లానికి ఆ తప్పు పేరే తగిలించాడు!

పదేళ్లకు జర్మనీలో ష్లైడెన్ దారి చూపాడు. ఈయన కథే వేరు. హాంబుర్గ్‌లో వకాలత్ చేసి, విసిగి, నుదుటికి తుపాకి పెట్టుకుని కాల్చుకున్నాడు. చావు తప్పి వృక్షశాస్త్రంలోకి వచ్చాడు. మొక్కల దేహమంతా కణాలేనని 1838లో చెప్పింది ఈయనే. 1846లో యేనాలో కార్ల్ జైస్ సూక్ష్మదర్శినుల కార్ఖానా పెట్టడం వెనక ఈయన ప్రోత్సాహం ఉంది. ఆ రోజుల్లో సవాయి రోగానికి మందుగా అమెరికా నుంచి వచ్చే సార్సపరిల్లా వేర్లకు వ్యాపారులు అవి ఓడకెక్కిన రేవుల పేర్లు పెట్టి, ఇష్టమొచ్చినట్టు కలిపి అమ్మేవారు. ష్లైడెన్ వాటిని అడ్డంగా పలచగా కోసి చూశాడు. వల్కలానికీ మధ్యలోని ప్రసరణ స్తంభానికీ నడుమ ఒక్క వరుసగా ఉండే అంతశ్చర్మ కణాల ఆకారం, గోడల మందం రకరకానికీ మారుతున్నాయని 1847లో ప్రకటించాడు. మందుమొక్కల సూక్ష్మపరీక్షకు పునాది అక్కడ పడింది.

ఇదే చూపు నన్నారికీ పనికొస్తుంది. సుగంధిపాల వేరు సన్నం. ముదురు గోధుమరంగు బెరడు పలచగా ఉంటుంది, లోపల గట్టి చెక్క. సూక్ష్మదర్శిని కింద పాలకణాలు, పిండిరేణువులు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపిస్తాయి. మారేడుగడ్డలో కండే ఎక్కువ, నడుమ ఉన్నది సన్నని ఈనె. ఊరగాయ పెట్టే ఇల్లాలు ఆ ఈనెను తీసి పారేస్తుంది. శరీరనిర్మాణ శాస్త్రం తెలియకపోయినా ఆమె కత్తికి తేడా తెలుసు.

వేరుకు ఉన్న ఈ భరోసా పొడికి సగమే. షర్బత్‌గా కాచి సీసాలో పోస్తే చూడటానికి కణమే ఉండదు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి గానీ, బాగా మరిగిన పాకంలో అదీ చిన్న ముక్కలైపోతుంది. ఈలోగా మారేడుగడ్డ అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కల జాబితాలోకి ఎక్కింది. వేరు కోసం తవ్వితే మొక్క దక్కదు కాబట్టి, మూటలో ఉన్నది ఏ వేరో వైద్యుడితో పాటు అటవీ సిబ్బందికీ తెలియాల్సి వస్తోంది.