మేర వేరు, బేగారీ వేరు

చెంగిచెర్ల కబేళా దగ్గర ఇప్పుడు తోలు లెక్కంతా రూపాయల్లోనే. పాత జమానా తెలంగాణ పల్లెల్లో ఇలా కాదు. మాదిగలు రైతుకు చెప్పులు, బావి మోటకు తోలు తొండం కుట్టిచ్చేవారు. కమ్మరి నాగలి కర్రు సరిచేసేవాడు. చేతికి పైసా వచ్చేది కాదు. కోతలయ్యాక కల్లంలో కొలిచిన గింజలు దక్కేవి. అదే మేర.

పైసల్లేని ఆ రోజులే నయమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను భాయ్. కొలిచే చెయ్యి రైతుది, పట్టే చెంగు పనివాడిది. ఇంకో ఆసామిని వెతుక్కునే ఇఖ్తియార్ కులానికి లేదు.

అయినా మేరలో ఎంతోకొంత బదులు ఉండేది. దేశ్‌ముఖ్ గడిలో అదీ లేదు. అవే చెప్పులు, అదే తొండం, కుమ్మరి కుండలు, చాకలి చాకిరీ అన్నీ ముఫ్త్. అదే వెట్టి, ఉర్దూలో బేగారీ. అప్పుకింద చిక్కిన భగేలాల ఒప్పందాలపై నిజాం సర్కార్ 1936లో ఖానూన్ తెచ్చింది. కానీ ఊళ్లో హుకుం నడిపేది పటేల్, పట్వారీలే కదా!

1946లో రాజుకున్న రైతాంగ పోరాటంలో సంఘాలు వెట్టిని ఆపించాయి. మేర మాత్రం ఆ తర్వాతా చాలా ఊళ్లలో నడిచింది.