పల్లె బడిలో కంప్యూటర్: యంత్రం ఎవరిది?

సైబరాబాద్ చరిత్రను 1998 నవంబరు 22తో మొదలుపెట్టటం మనవాళ్ళకు అలవాటైపోయింది. ఆనాడు మాదాపూర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన మాట నిజమే. కాని యీ నగరంలోనే 1967లో పుట్టిన ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్., 1969 నాటికే టి.డి.సి.-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. యీ సంగతి మరుగునపడితే కంప్యూటర్ అంటే బహుళజాతి కంపెనీల భిక్ష అనే భ్రమ మిగులుతుంది. ఆ భ్రమ బడిదాకా పాకింది.

బడి కథ గూడా 1998 కంటే ముందుదే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలు పంపింది. బ్రిటన్ ప్రసార సంస్థ తన ప్రజలకు కంప్యూటర్ నేర్పటానికి 1981లో చేయించుకున్న యంత్రమది. తెలుగు పిల్లవాడు దాని లెక్కలో లేడు.

అసలు పరిశీలించవలసింది 2008 నాటి పథకాన్ని. ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లిచ్చారు, 'బూట్' పద్ధతిలో. కంపెనీ యంత్రాలు పెడుతుంది, బోధకుణ్ణి నియమిస్తుంది, అయిదేళ్ళు నడిపి బడికి అప్పగిస్తుంది, డబ్బు ప్రభుత్వానిది. వినటానికి బాగానే వుంది. అయితే అయిదేళ్ళు వాడిన కంప్యూటర్ ముసలి ఎద్దుతో సమానం. అది మనదయ్యే రోజునే నేర్పేవాడూ, మరమ్మతు చేసేవాడూ వెళ్ళిపోతారు. 2013లో గడువు తీరినప్పుడు జరిగిందదే. ఒప్పంద బోధకులు రోడ్డెక్కవలసి వచ్చింది.

అప్పుడు నేను పనిచేసిన పల్లెలో పగటిపూట కరెంటు వుండేది కాదు. బోధకుడు నల్లబల్లమీద కీబోర్డు బొమ్మ గీసి పాఠం చెప్పేవాడు. పిల్లలు 'ఇన్‌పుట్', 'అవుట్‌పుట్' నిర్వచనాలను పద్యాల్లా వల్లించేవారు. తెలుగు పంతుల్ని, వల్లెవేయటాన్ని తప్పుపట్టను. పద్యం నోట్లో వున్నా మనదే. కీబోర్డు వేళ్ళకు రావాలి గదా!

భాష లేదనే సాకు గూడా చెల్లదు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగు లిపికి చోటు దొరికింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు 2005లోనే 'స్వేచ్ఛ' పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం విడుదల చేశారు. మూడేళ్ళ తర్వాత మా బడికొచ్చిన యంత్రాల తెరమీద ఒక్క తెలుగు మాటయినా లేదు.

గడువు తీరిన నెలలోనే మా బోధకుడు డేటా ఎంట్రీ పని వెతుక్కుంటూ మాదాపూర్ బస్సెక్కాడు. కంప్యూటర్ గది తాళంచెవి హెడ్మాస్టరుగారి బల్లసొరుగులో వుండిపోయింది.